పీత లెక్క

చెన్నై నుంచి సింగపూరుకి
రెండు వేల తొమ్మిది వందల కిలోమీటర్లట.
నాలుగుంపావు గంటలట.
వీరబాబు గారి షెడ్డు గోడ మీద
పోటుపాటుల పట్టీ పక్కనే అంటించిన కాగితం.
అది రాసినోడెవడో
బురదలో కాలు పెట్టినోడు మాత్రం కాదు.

నా లెక్క వేరండి.
నాది పీత లెక్క.

భైరవపాలెం అవతల మడల్లో
ఓలేటి నూకరాజు కొక్కెపు కర్ర దూర్చి
బొరియలోంచి దాన్ని లాగిన గడియ నుంచి మొదలు.
పోటు ఎక్కేదాకా నావ లేవదు, మూడు గంటలు.
ఇసక మేట పట్టుకుంటే ఇంకో గంట,
నూకరాజు తిట్లతో కలిపి.
రేవులో ఆటో ఎక్కాక
తాళ్ళరేవు దారిలో పెళ్ళి ఊరేగింపు అడ్డమొస్తే
ఆ బ్యాండు మేళం కూడా దూరంలోదే.

అప్పుడొస్తుంది నా చేతికి.
పెంకు మీద మడమ ఆనించి
పెద్ద కాళ్ళు రెండూ ముడిచి
చుట్టు, చుట్టు, అడ్డంగా ఒకటి,
పైన ఇంకో మెలిక. కాసులమ్మ ముడి అంటారు.
నిమిషానికి రెండు కడతాను.
చూపుడు వేలి చివర బాగున్న రోజుల్లో మూడు.
ఆ వేలి సగం గోరు
ఒక మండపీత పట్టుకుపోయింది.
మా ఇంట్లో ఇప్పటిదాకా విమానం ఎక్కింది
ఆ గోరొక్కటే.

తడి గోనె, చిల్లుల పెట్టె, సాయంత్రం అయిదింటికి లారీ.
రావులపాలెం, తణుకు, ఏలూరు,
ఒంగోలు, నెల్లూరు.
డ్రైవరు టీ తాగిన చోటల్లా
గోనె కాస్త ఆరుతుంది.
పద్నాలుగు గంటలు.
తర్వాత తూకం, స్టాంపు, క్యూ, మళ్ళీ తూకం.
అన్నీ అయ్యాక వస్తుంది గోడ మీది నాలుగుంపావు.
ఇంత పొడుగు దారిలో అదెంతండీ,
నా గోరంత.

అక్కడ గడియారం మనకంటే
రెండున్నర గంటలు ముందు నడుస్తుందట.
ఆ రెండున్నర ఎవరు మింగారని అడిగాను.
వీరబాబు గారు నవ్వి
క్యాలిక్యులేటరు నొక్కుకున్నారు.

షెడ్డులో ఒక సంగతి చూశాను నేను.
మూతలు బిగించిన పెట్టెల్లో, చీకట్లో,
ఏటికి పోటు వచ్చే వేళకి
అన్నీ ఒక్కసారి కదులుతాయి.
బుడబుడ. నురగ.
నీళ్ళు కనపడవు, చెప్పేవాళ్ళు లేరు.
అమావాస్య దగ్గరపడితే మరీనూ,
అన్నం ఉడుకుతున్నట్టే ఉంటుంది షెడ్డంతా.

మొన్న కార్తీకంలో తుపాను పట్టింది.
విమానం పదకొండు గంటలు నేల మీదే.
ముప్పై ఆరు పెట్టెలు.
అటునుంచి వీడియో వచ్చింది,
వీరబాబు గారు ఫోను నా ముందు పెట్టారు,
తప్పు నా ముడిదన్నట్టు.

తెల్ల చేతి తొడుగులవాడు ఒక్కో పెట్టె తెరుస్తున్నాడు.
గోనె ఎత్తుతాడు, వేలితో పొడుస్తాడు, బుట్టలో పడేస్తాడు.
గోనె, వేలు, బుట్ట.
చూడలేక తల తిప్పుకోబోతుంటే
ఒకదాని దగ్గర ఆగాడు.
కత్తెర తీశాడు.
ఆ పై మెలిక నాదే, ఎక్కడున్నా పోల్చుకుంటాను.
తాడు తెగింది.
కాసేపు ఏమీ లేదు.
తర్వాత నోటి దగ్గర
చిన్న బుడగ. ఇంకోటి.

వీడియో తీసిన టైమెంతని అడిగాను.
అక్కడ రాత్రి ఎనిమిదీ పది.
అంటే మనకి అయిదూ నలభై.
పట్టీలో వేలు పెట్టి చూశాను, ఆ సగం గోరు వేలే.
ఆ రోజు కోరింగ ఏటికి
సాయంత్రప్పోటు అయిదున్నరకి.

రెండు వేల తొమ్మిది వందల కిలోమీటర్లు
దానికెవరూ చెప్పినట్టు లేదు.

శనివారం కూలి లెక్క తేల్చారు.
చచ్చినవాటికి కోత.
సరేనన్నాను.
బతికినదానికి రెండు రూపాయలు రావాలని
నిలబడి అడిగాను.
చిల్లర లేదన్నారు.
ఉన్నదాకా ఉంటానన్నాను.